కారు కిందికి దిగితే హీరో అయిపోతామా?

మన సినిమాల్లో హీరోగారు రావడానికి ముందు చక్రం వస్తుంది. మీరు గమనించే ఉంటారు. మొదట తెర నిండా టైరు. అది సర్రున తిరిగి, దుమ్ము లేపి, కీచుమని ఆగుతుంది. తర్వాత తలుపు. తర్వాత బూటు. ఆ తర్వాత ఎప్పటికో హీరోగారి మొహం! అప్పటికే హాలంతా ఈలలు, గాల్లో కాగితం ముక్కలు. నిజం చెప్పండి, ఆ ఈలల్లో సగం వాటా చక్రానిది కాదూ?

ఈ మాట ఇప్పుడెందుకు ఎత్తానంటే, తెనాలి నుంచి ఒక తమ్ముడు ఉత్తరం రాశాడు. బి.కాం. రెండో సంవత్సరమట. నాన్నగారికి మారుతీ స్విఫ్టు ఉందట. దానికి 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు, పల్చటి టైర్లు వేయించి, స్ప్రింగులు మార్చి కారుని నేలకి దించాలని కోరికట. "అన్నా, మీరు సినిమా వాళ్ళ మధ్య తిరుగుతుంటారు గదా, ఏ చక్రాలు వేస్తే ఆ లుక్కు వస్తుందో చెప్పండి" అని అడిగాడు.

తమ్ముడూ, అడగాల్సిన వాణ్ణే అడిగావు. ఎందుకంటే సరిగ్గా ఆ పనే చేసి చేతులు కాల్చుకున్నవాణ్ణి నేను. ఆ భాగోతం చెప్పేముందు ఒక షూటింగు కబురు విను.

రెండేళ్ళ క్రితం హైదరాబాదు శివార్లలో ఒక షూటింగు చూడబోయాను. ఎర్ర కారు. నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నిగనిగలాడుతోంది. కెమెరాని స్టాండు మీద కాకుండా ఇసుక బస్తా మీద పెట్టారు. లెన్సు దాదాపు రోడ్డుని ముద్దు పెట్టుకుంటోంది. అలా కింద నుంచి చూస్తే మా వీధి పాలవాడి మోపెడ్ కూడా రాకాసిలా కనిపిస్తుంది లెండి! పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఆ కారు నడిచింది మహా అయితే యాభై గజాలు. అదీ నున్నటి కొత్త రోడ్డు మీద, నీళ్ళు చల్లి మరీ. ప్యాకప్ అన్నాక చూద్దును గదా, ఆ కారుని పలకల మీదుగా మెల్లగా తోసి లారీ ఎక్కిస్తున్నారు. "అదేమిటి, నడుపుకుంటూ వెళ్ళరా?" అని లారీ డ్రైవర్ని అడిగాను. అతను నావంక జాలిగా చూశాడు.

"గేటు దగ్గరున్న స్పీడు బ్రేకరు దాటదండీ."

అదీ సంగతి! తెర మీద కారు ఒక్క షాటు గెలిస్తే చాలు. మన కారు రాత్రికి ఇంటికి రావాలి.

హాలీవుడ్ వాళ్ళ సంగతీ అంతే. 1968లో వచ్చిన 'బుల్లిట్' సినిమాలో స్టీవ్ మెక్‌క్వీన్ ఫోర్డ్ మస్టాంగ్ వేసుకుని శాన్‌ఫ్రాన్సిస్కో మెట్టల మీద ఎగిరెగిరి దూకుతాడు. కారు ఛేజింగులకి అది పెద్ద బాలశిక్ష. ఆ మస్టాంగ్‌కి ఏం చేశారో తెలుసా? ఆ దూకుళ్ళు తట్టుకునేలా సస్పెన్షన్‌ని గట్టిపరిచారు. అంటే అందం కోసం కాదు, పని కోసం. ఇంకో తమాషా ఉంది. ఎదుటి డాడ్జ్ ఛార్జర్ కారు గుంతల్లో పడి లేస్తూ హబ్ క్యాపులు రాల్చుకుంటూ పోతుంది. కూర్చుని లెక్కపెడితే రాలినవి నాలుగు కంటే ఎక్కువే! ఒకే షాటుని వేర్వేరు కెమెరాలతో తీసి మళ్ళీ మళ్ళీ అతికించిన ఫలితం. అయినా ఎవరికీ పట్టలేదు. పైగా ఆ చిత్రానికి ఎడిటింగులో ఆస్కార్ వచ్చింది. సినిమాలో ఎగిరిపోయిన చక్రాన్ని ఎడిటర్ మళ్ళీ తగిలిస్తాడు. మన రోడ్ల మీద ఎడిటర్లుండరు గదా!

ఇక నా కథ. 2021లో సెకండ్ హ్యాండులో ఒక స్విఫ్టు కొన్నాను. 2018 మోడలు, మధ్య రకం. దానికి కంపెనీ ఇచ్చినవి 14 అంగుళాల ఇనప రిమ్ములు. నాకేమో అవి ఎద్దుల బండి చక్రాల్లా కనిపించేవి. మా నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. కారు తెచ్చిన రోజున ఆయన బోనెట్ వంక కూడా చూడలేదు. నాలుగు టైర్లూ వేలితో తడిమి, "బాగున్నాయి, నడుపుకో" అన్నారు.

బుద్ధిమంతుడైతే అక్కడితో ఆగేవాడు. నేను ఆగలేదు. ఆరు నెలల పాటు రాసిన వ్యాసాల డబ్బంతా పోగేసి, డెబ్భై వేలు పెట్టి 17 అంగుళాల అల్లాయ్‌లు, పల్చటి టైర్లు వేయించాను. షాపతను నా ఉత్సాహం పసిగట్టాడు. "లోయరింగ్ స్ప్రింగులంటే మళ్ళీ ఖర్చు సార్. ఉన్నవాటికే రెండు చుట్లు కోసేస్తే కారు కూర్చుంటుంది" అన్నాడు. కోశాడు. కూర్చుంది. నేను దాని చుట్టూ తిరిగి వంద ఫొటోలు తీసుకున్నాను. అలైన్‌మెంటు ఎప్పుడైనా చేయించుకోవచ్చులే అనుకున్నాను. నాన్న వాకిట్లో నిలబడి చూశారు. ఏమీ అనలేదు. పాత నట్లు ఎక్కడ పెట్టావని మాత్రం అడిగారు. ఏమో, డిక్కీలో పడున్నాయేమో అన్నాను.

2022 జులై. నూజివీడు అవతల పల్లెటూళ్ళో మా చెల్లెలి ఇంటికి అమ్మనీ నాన్ననీ తీసుకుని బయల్దేరాను. ఊళ్ళోకి తిరిగేసరికి అర్ధరాత్రి దాటింది. జోరున వాన. ఒక పక్క పొలాలు, ఒక పక్క కాలవ. గంటకి యాభై కిలోమీటర్లకి మించి లేను. నీళ్ళు నిండిన గుంత రోడ్డులా కనిపించింది. ఠప్! ముందు ఎడమ టైరు పేలింది. స్టీరింగు చేతిలోంచి లాక్కున్నట్టు ఎడమకి, అంటే కాలవ వైపుకి గుంజింది. "బ్రేకు తొక్కకు, స్టీరింగు వదలకు" అని నాన్న గొంతు వినిపించింది. కారు గట్టు మీద ఆగింది. నీళ్ళకి రెండు గజాల దూరం. వెనక సీట్లో అమ్మ ఊపిరి బిగబట్టి కూర్చుంది.

స్టెప్నీ తీశాను. జాకీ తీశాను. అప్పుడు తెలిసింది అసలు ముచ్చట. టైరులో గాలి లేదు, కారు అసలే కిందికి దించి ఉంది. జాకీ కారు కిందికి దూరడం లేదు! వానలో మోకాళ్ళ మీద కూర్చుని, ఆ జాకీని ఎన్ని వైపుల నుంచి తోశానో దేవుడికే ఎరుక.

ఇంతలో సెకండ్ షో చూసి వస్తున్న కుర్రాళ్ళిద్దరు బైకు ఆపారు. ఒకడు ముందుగా అన్న మాట వినండి: "అన్నా, కారు కేక అన్నా!" నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాన్న వాళ్ళ చేత పొలం గట్టు మీదున్న మందపాటి చెక్క తెప్పించి, పేలిన చక్రాన్ని మెల్లగా దాని మీదికి ఎక్కించమన్నారు. మూడంగుళాలు లేచింది. జాకీ దూరింది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మని ఆ పల్లపు సీట్లోంచి దింపడానికి నేనో చెయ్యి, నాన్నో చెయ్యి పట్టాల్సి వచ్చింది.

తీరా స్టెప్నీ తగిలిస్తే అల్లాయ్‌లకి ఇచ్చిన కొత్త నట్లు ఆ ఇనప రిమ్ముకి సరిగా కూర్చోవడం లేదు. నాన్న డిక్కీలో చెయ్యి పెట్టి, మూల నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశారు. పాత నట్లు. పదహారూ ఉన్నాయి. "నువ్వు పారేస్తావని నేనే కట్టిపెట్టా" అన్నారు.

తర్వాత టార్చి వెలుగులో పేలిన టైరుని తిప్పి చూపించారు. బయటి అంచు కొత్తదిలా ఉంది. లోపలి అంచు అరిగి అరిగి తీగలు బయటపడ్డాయి. "ముప్పై రెండేళ్ళు డ్యూటీ ఎక్కేముందు బస్సు చుట్టూ ఒకసారి తిరిగాను. వెనకాల యాభై మంది కూర్చుంటారని. నువ్వు రోజుకి పదిసార్లు తిరుగుతున్నావు కారు చుట్టూ. ఫొటోల కోసం" అన్నారు. అంతే. ఇంకేమీ అనలేదు. ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

సరే, ఇప్పుడు తెనాలి తమ్ముడికి జవాబు. చక్రాలు మార్చొద్దని నేను అనను. ముచ్చట ఉండాల్సిందే. కాని తెలుసుకుని మార్చు.

ముందు టైరు పక్కన రాసున్న జాతకం చదవడం నేర్చుకో. 185/65 ఆర్ 15 88 హెచ్ అని ఉందనుకో. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతు, అంటే 120 మిల్లీమీటర్లు. 15 అంటే రిమ్ము అంగుళాలు. 88 అంటే ఒక్కో టైరు మోయగల బరువు 560 కిలోలు. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. ఇవికాక చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం పుట్టిందన్నమాట. "కొత్త టైరే సార్" అని షాపువాడు అన్నప్పుడు ఆ నాలుగంకెలు చూడు.

ఇప్పుడు చిన్న లెక్క. నా కారుకి మొదట ఉన్నది 165/80 ఆర్ 14. చక్రం మొత్తం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు. అదే మోడల్లో పై రకానికి కంపెనీయే ఇచ్చిన 185/65 ఆర్ 15 ఎత్తు 621. నేను వేయించిన 205/45 ఆర్ 17 ఎత్తు 616. చూశావా, రిమ్ము మూడంగుళాలు పెరిగినా మొత్తం ఎత్తు దాదాపు అంతే! అలా ఉండాలి కూడా. లేకపోతే స్పీడోమీటర్ అబద్ధాలు చెబుతుంది. మరి పెరిగిన రిమ్ముకి చోటెక్కడ దొరికింది? రబ్బరు నుంచి. పై రకం టైరుకి 120 మిల్లీమీటర్లున్న పక్క గోడ నా టైరుకి 92 అయింది. గుంతకీ రిమ్ముకీ మధ్య ఉన్న పరుపు ఒక అంగుళానికి పైగా పల్చబడిందన్నమాట. ఆ రాత్రి గుంతలో రిమ్ము వంగింది అందుకే.

ఇక చక్రం. డిజైను ఒక్కటే చూసి కొనకు. స్విఫ్టుకి నాలుగు బోల్టులు, అవి నిలబడిన వలయం వ్యాసం 100 మిల్లీమీటర్లు. మధ్యలో హబ్బు 54.1 మిల్లీమీటర్లు. కొత్త చక్రానికి మధ్య బొక్క అంతకంటే పెద్దదైతే హబ్ రింగు వేయాలి. లేకపోతే స్టీరింగు వణుకుతుంది. ఆఫ్‌సెట్ అని ఇంకో అంకె ఉంటుంది. చక్రం లోపలికి ఎంత కూర్చుంటుందో, బయటికి ఎంత పొడుచుకొస్తుందో చెప్పేది అదే. అది తేడా పడితే మలుపులో టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుంది, బేరింగు మీద భారం మారుతుంది. అన్నిటికంటే ముఖ్యం, రిమ్ము మోయగల బరువెంతో అడుగు. షాపువాడు తల గోక్కుంటే లేచి వచ్చెయ్.

కిందికి దించే సంగతి. ఇది అసలైన క్లైమాక్స్. స్ప్రింగు కోయించకు. కోసిన స్ప్రింగు కొస తన సీటులో సరిగా కూర్చోదు. చక్రం గాల్లో వేలాడితే పక్కకి జారే ప్రమాదముంది. మిగిలిన చుట్లు కాస్త గట్టిపడతాయి గాని, కదలడానికి మిగిలిన చోటు మరీ తగ్గిపోతుంది. దాంతో ప్రతి గుంతకీ కారు అడుగున గుద్దుకుంటుంది. దించి తీరాల్సిందే అంటే, దానికని తయారు చేసిన పొట్టి, గట్టి స్ప్రింగులుంటాయి. వాటికి తగిన షాకబ్జార్బర్లు కూడా వేయాలి. ఎత్తు మార్చుకోగల కాయిలోవర్లుంటాయి, ఖరీదెక్కువ. ఏది వేసినా ఆ రోజే అలైన్‌మెంటు చేయించాలి. కారు దిగితే చక్రాల వాలు మారుతుంది. లోపలి అంచు రహస్యంగా అరిగిపోతుంది. నా టైరు చచ్చింది ఆ రహస్యంతోనే.

స్విఫ్టు అడుగుకీ నేలకీ మధ్య కంపెనీ చెప్పే ఎత్తు 163 మిల్లీమీటర్లు. నలభై దించితే 123. నలుగురెక్కితే ఇంకా తక్కువ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన కొలత ప్రకారం స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంత వెడల్పుంటే దించిన కారు కూడా తాపీగా దాటుతుంది. కాని మా కాలనీ వాళ్ళు ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటుతో వీధికి అడ్డంగా పోసిన గట్టుకి ఈ కొలతలు ఎవరు చెప్పాలి?

అమెరికాలో లోరైడర్లని ఉన్నారు. లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ళ సరదా అది. పాత షెవర్లేలని నేలకి దించి, ఊరేగింపులా మెల్లగా నడిపేవారు. 1958లో కాలిఫోర్నియా ప్రభుత్వం, కారులో ఏ భాగమూ రిమ్ము కింది అంచు కంటే కిందికి ఉండకూడదని చట్టం చేసింది. అప్పుడు రాన్ అగిరే అనే ఆయన 1959 ప్రాంతంలో, విమానాలకి వాడే హైడ్రాలిక్ పంపులు తెచ్చి తన కార్వెట్‌కి బిగించాడు. స్విచ్చి నొక్కితే కారు లేస్తుంది, మళ్ళీ నొక్కితే దిగుతుంది. పోలీసు కనబడితే పైకి, అమ్మాయి కనబడితే కిందికి! వాళ్ళ దగ్గర స్విచ్చి ఉంది తమ్ముడూ. కోసిన స్ప్రింగుకి స్విచ్చి లేదు.

చట్టం మన దగ్గరా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ అసలు నిర్మాణానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. యజమాని అంటే కాగితాల మీద పేరున్నవారు. మీ ఇంట్లో అది మీ నాన్నగారు! ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పకుండా మార్పులు చేస్తే, రేపు క్లెయిము దగ్గర వాళ్ళకో సాకు దొరుకుతుంది.

కాబట్టి తమ్ముడూ, నా సలహా ఇదీ. మీ కారు మోడల్లోనే పై రకానికి కంపెనీ ఇచ్చిన సైజు అల్లాయ్‌లు వేసుకో. నీకు లుక్కూ ఉంటుంది, నాన్నగారికి చిక్కూ ఉండదు. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు కొను. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చిందంటే టైరు పని అయిపోయినట్టే. గాళ్ళ మధ్య చిన్న చిన్న దిమ్మెలుంటాయి, రబ్బరు వాటికి సమానమైతే మార్చేయ్. నెలకి రెండుసార్లు గాలి చూడు. వంగి లోపలి అంచు కూడా చూడు. ఆ అంచు ఫొటోల్లో పడదు.

నా 17 అంగుళాల చక్రాల్లో మిగిలిన మూడింటినీ, సాగదీసిన ఆ నాలుగోదాన్నీ కలిపి పదిహేను వేలకి అమ్మేశాను. కొత్త స్ప్రింగులు వేయించాను. ఇప్పుడు నా కారుకి 15 అంగుళాల అల్లాయ్‌లు, 185 టైర్లు. అమ్మ తనంతట తాను ఎక్కుతుంది, దిగుతుంది. మొన్న ఊరికి బయల్దేరుతుంటే నాన్న వాకిట్లోకి వచ్చారు. ఆయన వంగేలోపే నేను కారు చుట్టూ తిరిగి నాలుగు టైర్లూ తడిమాను, లోపలి అంచులతో సహా. ఆయన చూశారు. "ఆ నట్ల కవరు డిక్కీలోనే ఉందా?" అన్నారు.

ఉంది నాన్నా. ఉంటుంది.